ఎనుమాముల నుంచి చీనా వంటింటికి

వరంగల్లు చూడవచ్చినవారికి చుట్టాలు మూడు చోట్లు తప్పక చూపిస్తారు: కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు. ఓపిక ఉన్నవారిని రామప్ప దాకా తీసుకుపోతారు. ఎనుమాముల చూసి వెళ్లమని మాత్రం ఎవరూ అనరు. అనకపోవడానికి కారణం లేకపోలేదు. మాఘ ఫాల్గుణ మాసాల్లో అక్కడి మార్కెట్టు గేటు దాటి లోపల అడుగుపెట్టిన కొత్తవాడు మొదట చేసే పని తుమ్మడం, రెండోది దగ్గడం, మూడోది కళ్లు తుడుచుకోవడం. ఆ తరువాత గాని చూడడం మొదలు కాదు.

తీరా కళ్లు తెరిచి చూస్తే, అదొక ఎర్రటి ఊరు. గోనె బస్తాలు వరుసలు వరుసలుగా, వీధులు వీధులుగా నిలబడి ఉంటాయి. ప్రతి వరుసలోనూ ఒక్కొక్క బస్తా మూతి విప్పి పెడతారు. ఆ మూతుల్లోంచి తొంగిచూసే ఎరుపు ఒక్క ఎరుపు కాదు. ఇటుక ఎరుపు, కుంకుమ ఎరుపు, నలుపు తిరిగిన ఎరుపు, పండిన టమాటా ఎరుపు. మధ్య మధ్య రంగు పోయి తెల్లబారిన తాలు కాయల కుప్పలు, పెళ్లిలో పిలవని చుట్టాల్లా ఓ పక్కన.

ఎనుమాముల ఒకప్పుడు పట్నం పక్కన పల్లె. ఇప్పుడు పట్నమే పెరిగి దాన్ని కలుపుకుంది. ఆసియా ఖండంలో ఇది రెండో పెద్ద ధాన్యపు మార్కెట్టు అని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. మొదటిది ఏదని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరు చెబుతారు. పత్తి, మొక్కజొన్న, పసుపు, పల్లికాయ అన్నీ వస్తాయి గాని, సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఉగాది దాకా ఇక్కడ రాజ్యం మిరపదే. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపుల నుంచి తెల్లవారకముందే ట్రాక్టర్లు, వ్యాన్లు దిగుతాయి. రైతు రాత్రంతా బస్తాల మీదనే కునికి ఉంటాడు.

పొద్దెక్కాక జెండా పాట. ఆ మాట వినగానే స్వాతంత్ర్య దినోత్సవం గుర్తుకు వస్తుంది గాని, ఇది వేలం పాట. ఆనాటి సరుకులో మేలైన ఒక కుప్ప దగ్గర ఖరీదుదారులంతా చేరి పాడిన ఎక్కువ ధరను ఆనాటి జెండా ధర అంటారు. మర్నాడు పత్రికల్లో పడేది అదే. ఇక మిగిలిన కుప్పలన్నిటికీ ఆ జెండా కింద, తేమ అనీ, తాలు అనీ, మచ్చ అనీ మెట్టు మెట్టుగా ధర దిగుతూ పోతుంది. పత్రికలో అంకె చూసి సంతోషించే పట్నవాసులు ఈ మెట్లు కూడా ఒకసారి చూడాలి. పాట అయ్యాక కాంటాలు, దడవాయిలు, హమాలీలు, చిట్టీలు. మధ్యాహ్నానికి బస్తా చేతులు మారిపోతుంది.

ఒక అడ్తి దుకాణం ముందు నిలబడి, సన్నగా పొడుగ్గా ఉన్న కాయల్ని చూస్తూ ఇదేం రకమని గుమాస్తాను అడిగాను. "తేజ సార్. చీనావాళ్ల కాయ" అన్నాడు. గీసుగొండ కాయ, పరకాల కాయ అన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట! పక్కనే బస్తాకు ఆనుకుని కూర్చున్న పెద్దాయన, ఆ కాయలు పండించినవాడు, తల తిప్పి నన్ను ఎగాదిగా చూసి అడిగాడు: "గింత కారం వాళ్లేం జేసుకుంటరు సారు? మన లెక్క అన్నంల కలుపుకుంటరా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఇటీవలి సంవత్సరాల్లో మన ఎండుమిరపను కొనే దేశాల్లో చీనాది ముందు వరుస. కొన్నంతా వంటకే పోదు. కారాన్ని, రంగును పిండి తైలం తీసే కర్మాగారాలు కూడా ఉన్నాయి. అయినా పెద్దాయన అడిగింది వంట సంగతి. కొన్నేళ్ల కిందట పని మీద చోంగ్‌చింగ్ నగరంలో పది రోజులు ఉండవలసి రావడం వల్ల, నేను చూసినంత మేరకు ఆయనకు చెప్పాను. ఇక్కడ మరికొంత వివరంగా చెబుతాను.

చోంగ్‌చింగ్ కొండల మీద కట్టిన నగరం. కింద యాంగ్‌ట్సీ నదిలో జియాలింగ్ నది వచ్చి కలుస్తుంది. ఆ సంగమం దగ్గర పడవలు లాగే కూలీలు, మూటలు మోసే హమాలీలు ఒకప్పుడు వేలమంది ఉండేవారు. పశువుల మాంసం కొనేవాళ్లు వేరే ఉన్నారు. కూలీలకు దక్కేవి పేగులు, పొట్ట, ఇతరులు పారవేసేవి. వాటి వాసన పోవాలంటే, నదీతీరపు చలికి, ముసురుకు ఒళ్లు వేడెక్కాలంటే, గట్టి కారం కావాలి. ఒక ఇనుప కుండలో కొవ్వు కరిగించి, గుప్పెళ్లకొద్దీ మిరపకాయలు వేసి, పొయ్యి మీదనే ఉంచి, చుట్టూ కూర్చుని, ముక్కలు అందులో ముంచి ఉడికించుకుని తినేవారు. ఆ కుండలో చెక్కతోనో ఇనుముతోనో తొమ్మిది గళ్లు కట్టి ఉంటాయి. ఒకరినొకరు ఎరగని కూలీలు ఒకే కుండ చుట్టూ చేరి, ఎవరి గడిలో వారు ఉడికించుకుని, ఎవరి డబ్బు వారు ఇచ్చుకుని పోయేవారని అక్కడివారు చెబుతారు. దాని పేరు హువోగువో. మాటకు మాట అర్థం నిప్పుకుండ.

ఆ కూలీల కుండే ఇప్పుడు అద్దాల మేడల్లోకి ఎక్కింది. బల్ల మధ్య గుండ్రని రంధ్రం, అందులో కుండ, కుండలో ఎర్రటి నూనె సలసల కాగుతూ ఉంటుంది. దాని మీద మిరపకాయలు చెరువు మీద తామరాకుల్లా నిండుగా తేలుతూ ఉంటాయి. మనబోటివారికి ఒక సంగతి చెప్పాలి: ఆ నూనె చాలా చోట్ల పశువుల కొవ్వు. కనుక మన ఇళ్లలో పెద్దవారు ముట్టే వంట కాదు. నాబోటివారి కోసం నడుమ గోడ కట్టిన కుండ ఒకటి ఇస్తారు. ఒక అరలో ఎర్ర నూనె, రెండో అరలో పుట్టగొడుగుల తెల్లని చారు. దాన్ని జంటబాతుల కుండ అంటారు. మన కవులకు చక్రవాకాల జంట ఎలాగో వారికి ఆ బాతులు అలాగ, విడిపోని దంపతులకు గుర్తు. కారం, చప్పదనం పక్కపక్కన కాపురం చేస్తున్నాయని కాబోలు!

మరి ఆ తేలే మిరపకాయల్ని ఏం చేస్తారు? తినరు. పులిహోరలో ఎండుమిరపకాయను విస్తరి అంచుకు నెట్టినట్టే, వాటిని పక్కకు నెట్టి కింద ఉన్నది ఏరుకుంటారు. ఈ మాట చెప్పినప్పుడు ఎనుమాముల పెద్దాయన నిజంగానే నొచ్చుకున్నాడు. "తినకుంటనే పారబోస్తరా?" అన్నాడు. కారమంతా నూనెలోకి దిగుతుందనీ, అది తినడమేననీ సర్దిచెప్పాను.

అక్కడి వంటవాడు కుండకు ఒక్క రకం కాయ వాడడు. కారానికి ఒకటి, సువాసనకు ఒకటి, రంగుకు ఒకటి. తలలు పైకెత్తి కాసే పొట్టి రకాన్ని వాళ్లు 'ఆకాశం చూసే మిరప' అంటారు. మన తేజ కూడా కారం కోసమే వెళుతుంది. ఈ లెక్క మనకూ కొత్త కాదు. వరంగల్లు ఆడవాళ్లు ఆవకాయ పెట్టేటప్పుడు కారానికి ఒక కాయ, ఎరుపుకు చపాటా కాయ కలపడం అనాదిగా తెలిసినదే. చపాటా అంటే చిన్న టమాటాలా బొద్దుగా, మందంగా, మెరుస్తూ ఉండే కాయ. టమాటా మిరప అని కూడా పిలుస్తారు. కారం తక్కువ, రంగు అపారం. 2025లో దీనికి 'వరంగల్ చపాటా మిరప' అని భౌగోళిక గుర్తింపు వచ్చింది. బంగినపల్లి మామిడికి, పోచంపల్లి చీరకు ఉన్న గౌరవమే అన్నమాట.

ఇక్కడ పాఠకులు ఒక మాట అడగవచ్చు: చీనా అంత పాత దేశం కదా, మిరప వాళ్లకు ముందు నుంచీ లేదా? లేదు. మనకూ లేదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలు తిరగడం మొదలుపెట్టాక గాని మన రెండు దేశాల్లోనూ దాని మొహం ఎవరూ చూడలేదు. చీనా పుస్తకాల్లో దాని ప్రస్తావన 1591లో మొదట కనిపిస్తుంది. గావ్ లియెన్ అనే రసికుడు, సుఖంగా బతకడం ఎలాగో చెప్పే పెద్ద గ్రంథం రాస్తూ, తెల్లని పూలు, ఎర్రని కాయలు, చూడముచ్చటగా ఉంటుందని ఈ మొక్కను వర్ణించాడు. తినమని కాదు, కుండీలో పెట్టుకోమని! మిరప ఆ దేశంలో ముందు పెరటి అలంకారం. వంటింట్లోకి తరువాత వచ్చింది.

దానికి వాళ్లు పెట్టిన పేరు మరీ చిత్రం. వాళ్లకు అనాదిగా జియావ్ అనే ఒక ఘాటైన గింజ ఉంది. పరదేశం నుంచి వచ్చిన ఈ కొత్తదాన్ని ఫాన్‌జియావ్, అంటే పరదేశపు జియావ్ అన్నారు. సిచువాన్ వైపు హైజియావ్, సముద్రపు జియావ్ అన్నారు. అంతకుముందు పడమటి నుంచి మన మిరియం వెళ్లినప్పుడు దాన్ని హూజియావ్, అంటే పడమటివాళ్ల జియావ్ అన్నారు. మనమేం చేశాం? మిరియం ఎరిగినవాళ్లం గనుక కొత్త కాయను మిరపకాయ అన్నాం. రెండు జాతులూ ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే, ఇంటికి వచ్చిన కొత్త చుట్టానికి పాత చుట్టం పేరే పెట్టాయి.

ఆ పాత జియావ్ నాలుక మీద పెడితే కారం కాదు, తిమ్మిరి. సిచువాన్ వంటకు ఈ తిమ్మిరి, మిరప కారం రెండూ కలిసిన రుచే ప్రాణం, మా-లా అంటారు. ఆ చెట్టు మనకు తెలియనిదని అనుకోనక్కరలేదు. దాని జాతిదే ఒక పెద్ద మాను మన కొండల్లో ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మన చెట్లను పరిశీలించిన రాక్స్‌బర్గ్ దొర, గిరిజనులు దాని నీడన కూర్చుని పంచాయితీలు తీరుస్తారని విని, 'రచ్చమాను' అన్న తెలుగు మాటనే దాని శాస్త్రీయ నామంలో చేర్చాడు. చీనావాడు నాలుక మీద వేసుకున్న దాని కింద, మనవాళ్లు నాలుకలు ఆడించారు.

కుండీలోని మొక్క పొయ్యి దగ్గరికి చేరినది గొప్పవాళ్ల వల్ల కాదు. గ్వేజౌ అని కొండల రాష్ట్రం ఉంది. అక్కడ ఉప్పు పుట్టదు. ఉప్పంతా పొరుగు నుంచి మనుషుల వీపుల మీద రావాలి. వచ్చేసరికి దాని ధర బీదవాడికి అందదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో రాసిన అక్కడి ఒక స్థానిక చరిత్రలో, కొండజాతివారు ఉప్పుకు బదులు మిరప వాడుతున్నారని ఉంది. నాలుక్కు ఏదో ఒకటి తగిలితే గాని ముద్ద దిగదు. ఉప్పు లేకపోతే కారమైనా తగలాలి. అక్కడి నుంచి సిచువాన్‌కు, హునాన్‌కు ఈ కారం పాకింది. చాలాకాలం పెద్దింటి విందుల్లో దానికి చోటు లేదు. కూలివాడి కూడు అనే పేరు చాలా ఆలస్యంగా గాని పోలేదు.

ఇది చదివినప్పుడు నాకు చీనా గుర్తుకు రాలేదు. మన జొన్న రొట్టె, గొడ్డుకారం గుర్తుకు వచ్చాయి. ఎనుమాముల యార్డులో పన్నెండు దాటాక హమాలీలు సద్దులు విప్పుతారు. అన్నం, పలుచని పచ్చిపులుసు, ఒక మూలన ఎర్రని కారం ముద్ద. కూర ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. కారం లేని రోజు లేదు. హునాన్‌లో పుట్టిన మావో, మిరపకాయలు తినేవారే విప్లవకారులు అవుతారని వాదించేవాడని ఎడ్గార్ స్నో అనే అమెరికన్ విలేఖరి 1937లో రాశాడు. 1946 నుంచి 1951 దాకా ఈ తెలంగాణ పల్లెల్లో ఏం జరిగిందో ఎరిగినవారు ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేరు. అయితే గుంటూరువారు ఈ లెక్కన ఇంకెన్ని విప్లవాలు చేసి ఉండాలో!

గ్వేజౌలోనే జున్‌యి నగరం దగ్గర షియాజ్ అనే చిన్న పట్నం ఉంది. పేరుకు అర్థం రొయ్య గాని, పేరు పొందింది మిరపకు. చీనాలో పెద్ద మిరప మార్కెట్లలో అదొకటి. అక్కడా ఇలాగే బస్తాలు, ఇలాగే తుమ్ములు. మన కాయ ధర అక్కడి ధరతో కలిసి లేస్తుంది, కలిసి పడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు పడి ఇక్కడి తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. చేతికి వచ్చిన కొద్దిపాటి కాయకు విలువ పెరిగి, 2022 మార్చిలో దేశీ మిరప ఎనుమాములలో క్వింటా యాభై వేలు దాటింది. తులం బంగారం ధరను మిరప మించిందని పత్రికలు రాశాయి. కాయ ఉన్నవాడు నవ్వాడు. తోట పోయినవాడు ఆ పత్రికను చదవనే లేదు. ఆ ఆశతో వచ్చే ఏళ్లలో అందరూ మిరపే వేశారు. 2025 మొదట్లో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, చీనా బేరం మందగించింది, ధర జారిపోయింది. ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని మద్దతు ధర ప్రకటించవలసి వచ్చింది.

చోంగ్‌చింగ్‌లో కుండ చుట్టూ చేరినవాళ్లకు ఈ సంగతి తెలియదు. పరకాల రైతు పేరు ఆ కుండ మీద రాసి ఉండదు. ఇక్కడ రైతుకు కౌలు, విత్తనం, మందు, కోత కూలి, అన్నీ కలిపి ఎకరానికి లక్షలు పెట్టి, ఆ ఎరగని నాలుకల మీద ఆధారపడవలసి ఉంది. పెద్దాయన దీన్ని నాకంటే క్లుప్తంగా చెప్పాడు: "వాళ్లు కుండ దించితే మా పొయ్యి మండది సారు."

కారం సంగతి ఇంతవరకు చెప్పాను గాని, చీనా తిండి అంతా కారమనుకుంటే పొరబాటు. ముఖ్యంగా పండుగ పిండివంటల్లో మిరప దాదాపు కనిపించదు. నిన్నగాక మొన్న, అంటే నాలుగు వందల ఏళ్ల కిందట వచ్చిన కాయకు, రెండు వేల ఏళ్ల పంక్తిలో విస్తరి వేయలేదు. ఆ పండుగ వంటలకు అర్థాలు ఉంటాయి. ఆ అర్థాలన్నీ ఎక్కువగా మాటల చమత్కారాలు.

కొత్త సంవత్సరం రాత్రి చేప వండుతారు. చేపకు, మిగులుకు వారి భాషలో ఒకే ఉచ్చారణ: యూ. అందుకని చేపను పూర్తిగా తినరు; కొంచెం మర్నాటికి మిగులుస్తారు. ఏడాది పొడుగునా ఇంట్లో మిగులు ఉండాలని. జిగురు బియ్యపు పిండితో చేసే నియెన్‌గావ్ తింటారు. ఆ శబ్దానికి 'ఏటేటా పైకి' అనే అర్థం కూడా వస్తుంది. పుట్టినరోజున పొడుగాటి నూడుల్స్; కొరికి తుంచకుండా లోపలికి లాక్కోవాలి, ఆయుష్షు తెగకూడదు గనుక. గుండ్రని పిండి ఉండలు ఉడికించుకుని తింటే కుటుంబమంతా చుట్టూ చేరినట్టు. మనం ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కలిపి, చేదు కూడా మింగి, ఏడాదిని మొదలుపెడతాం. వాళ్లు చేదును బల్ల మీదికే రానివ్వరు. నాకు మన పద్ధతే నిజాయితీ గలదిగా తోస్తుంది. వాళ్ల పద్ధతి రుచిగా ఉంటుందని మాత్రం ఒప్పుకోవాలి.

ఏడాది చివర వారంలో వంటింటి దేవుడు ఆకాశానికి పోయి, ఆ ఇంటివాళ్ల మంచి చెడ్డలు పై అధికారికి నివేదిస్తాడట. పోయేముందు ఆయన నోటికి జిగట మిఠాయి పెడతారు. నోరు తీపి అయితే తీపి మాటలే చెబుతాడు. మరీ జిగటైతే నోరే తెరవలేడు. లంచం అనే మాటకు ఇంత ముద్దైన రూపం మరెక్కడా నేను చూడలేదు.

ఇంకో రకం వంటకు కథ ఆధారం. చూ రాజ్యపు కవి చూ యువెన్, దేశం చెడిపోతున్నదన్న బాధతో క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో మిలువో నదిలో దూకాడు. చేపలు ఆయన శరీరాన్ని తినకుండా జనం అన్నం ముద్దలు నీళ్లలో వేశారట. ఐదో నెల ఐదో నాడు ఆకుల్లో చుట్టి ఉడికించే జోంగ్‌జ అనే అన్నపు పొట్లాలు ఆయన పేరు మీదనే. ఆకుల బుట్టలో ఉడికే మన కోనసీమ పొట్టిక్కలు చూసినవారికి వాటి ఆకారం కొత్తగా ఉండదు. కవి కోసం దేశమంతా ఏటా అన్నం వండుకోవడం మాత్రం మనకు కొత్తే. బమ్మెర పోతన ఊరు వరంగల్లుకు ఎంతో దూరం లేదు. నాగలి పట్టిన ఆ మహాకవి పేరు మీద మనకు ఒక్క పిండివంటైనా లేకపోయింది.

కథలను నమ్మేటప్పుడు కొంచెం జాగ్రత్త కూడా కావాలి. జియావ్‌జ అనే కుడుముల్ని రెండో శతాబ్దపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ కనిపెట్టాడనీ, చలికి చెవులు కొరుక్కుపోయిన బీదవారి కోసం మేకమాంసం, మందుమూలికలు, మిరపకాయలు పిండిలో చుట్టి చెవుల ఆకారంలో చేశాడనీ చెబుతారు. కథ బాగుంది. కాని ఆ వైద్యుడికి మిరపకాయలు దొరకాలంటే ఇంకా పద్నాలుగు వందల ఏళ్లు ఆగాలి! ఎవరో కారం ఇష్టమైనవారు తరువాత కలిపి ఉంటారు. కుడుములు మాత్రం పాతవే. టాంగ్ రాజుల కాలపు సమాధుల్లో, తుర్ఫాన్ ఎడారి దగ్గర, ఎండిపోయిన కుడుములు అచ్చంగా నేటి ఆకారంలోనే దొరికాయి. పండుగ పంక్తిలోకి రాలేకపోయిన మిరప చివరికి గుమ్మంలోకి వచ్చింది. కొత్త సంవత్సరానికి ఎర్రని మిరపకాయల దండలు, గుడ్డతో చేసినవైనా సరే, తలుపుకు వేలాడదీస్తారు. ఇల్లు ఎర్రగా, నిప్పులా వెలగాలని. మనం దిష్టి తీసి పొయ్యిలో వేసే కాయను వాళ్లు లక్ష్మి అని గుమ్మానికి కట్టారు.

ఇచ్చిపుచ్చుకోవడం ఈనాటిది కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిచ్చి వేయించిన శాసనంలో, సుంకం కట్టవలసిన సరుకుల్లో చీనా కర్పూరం పేరు ఉంది. ఓరుగల్లు రాజు ఖజానాకు చీనా సరుకు మీద సుంకం వచ్చేది. ఇప్పుడు ఓరుగల్లు సరుకు చీనాకు పోతున్నది. మరీ వెనక్కి పోతే, ఏడో శతాబ్దంలో టాంగ్ చక్రవర్తి చెరకు పాకం పట్టడం నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపాడు. వాళ్ల పాలన్నం ఒకటి కూడా మన నుంచి పోయినదే. పన్నెండో నెల ఎనిమిదో నాడు బౌద్ధ విహారాల్లో లాబా అనే పాయసం వండి వీధిలో వారందరికీ పోస్తారు. సుజాత సిద్ధార్థుడికి ఇచ్చిన పాయసం జ్ఞాపకార్థం అది. పాలకు బదులు బియ్యం, చిక్కుళ్లు, రేగుపళ్లు, గింజలు చేరాయి గాని, గరిటె పట్టుకున్నది మాత్రం మన సుజాతే.

వాళ్ల పేరు చెప్పి మన వీధుల్లో అమ్మేదాని సంగతి వేరు. హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం బండి మీద ఘుమఘుమలాడే మంచూరియా, మంచూరియా దేశం ఎన్నడూ చూడలేదు. కలకత్తాలో పుట్టిన చీనా వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో దాన్ని కల్పించాడని ప్రసిద్ధి. ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి మనవి. నల్లని సోయా పులుసు వాళ్లది. రుచిగానే ఉంటుంది, నిందించను.

కాని వాళ్లు మనకు నిజంగా ఇచ్చినది ఆ బండి మీద లేదు. ఎనుమాముల యార్డులో కూడా అది ఇప్పుడు కుప్పలుగా కనిపించదు. కొర్ర. అవును, మన తాతలు మన మెట్ట పొలాల్లో పండించుకు తిన్న కొర్రే. దాని పుట్టిల్లు ఉత్తర చీనా అని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఎనిమిది వేల ఏళ్ల కిందటే అక్కడ దాన్ని సాగు చేశారు. వరిగ కూడా అక్కడిదే. లాజియా అనే చోట, భూకంపంలోనూ వరదలోనూ కప్పబడిపోయిన పల్లెలో బోర్లపడిన మట్టి ముంత కింద నాలుగు వేల ఏళ్లనాటి నూడుల్స్ దొరికాయనీ, అవి కొర్ర, వరిగ పిండితో చేసినవనీ 2005లో పరిశోధకులు ప్రకటించారు. రాజ్యం అనడానికి వాళ్ల పాత మాట షె-జి. షె అంటే నేల దేవత, జి అంటే చిరుధాన్యపు దేవత. రాజు, కోట, సేన ఏవీ ఆ మాటలో లేవు; నేల, గింజ ఉన్నాయి.

ఆ గింజ ఎప్పుడో, ఏ దారినో నడిచి వచ్చి మన రేగళ్లలో స్థిరపడి, కొర్రబియ్యమై, కొర్ర గటకై, ఏ దేశపుదో మనమే మరిచిపోయేంత మనదైపోయింది. వరి వచ్చాక దానిది బీదవారి తిండి అన్నారు; పొలాల్లోంచి తీసేసి పత్తి, మిరప వేశారు. ఇప్పుడు వరంగల్లు దుకాణాల్లో కిలో పొట్లాలు కట్టి, చక్కెర జబ్బువారికి మంచిదని బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఒక పొట్లం నేనూ కొన్నాను. "పాత తిండి సార్, మా నాయనమ్మ బాలింతలకు జావ కాచి ఇచ్చేది" అన్నాడు దుకాణదారు. ఉత్తర చీనాలో, షాన్‌షీ పల్లెల్లో, బాలింతకు నేటికీ కాచి ఇచ్చేది కొర్ర జావే. అందులో కొంచెం బెల్లం వేస్తారు.